మెచ్చుకోలు విభాగం

నమోదు 1

గంతల డ్యూటీలో ఉన్న నూకరాజు నోరు మూసుకుని తన పని తాను చేసుకుని ఉంటే ఈ డ్యూటీ పుస్తకం నా చేతికి వచ్చేది కాదు. పొద్దున్న మా చూపరి అప్పలకొండ కళ్లు కడుగుతూ పాడాడట. చూపరి దగ్గర పాడకూడదని నిబంధనల మొదటి పేజీలోనే ఉంది. ఆమె కళ్లు మూసుకునే విన్నది. పాట నచ్చింది. పాడేది ఎవరో చూడాలనిపించి రెప్పలెత్తింది.

నేను పరుగెత్తుకు వెళ్లేసరికి అతను గచ్చు మీద పడి కొట్టుకుంటున్నాడు. ముక్కులోంచి మొదలైన నెత్తురు చెవుల్లోంచి కూడా కారుతోంది. దవడలు బిగుసుకుని పళ్లు పటపటా విరుగుతున్నాయి. చివరికి రెండు కళ్లూ పగిలి చెంపల మీదికి జారాయి. అప్పలకొండ గోడవైపు తిరిగి, రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చుంది.

"నానేటీ అనుకోలేదమ్మా. బాగా పాడతన్నాడని సూసానంతే" అని ఏడ్చింది.

సాయంత్రం కల్నల్ ప్రభంజన్ గారు నన్ను పిలిచారు. "పెంటమ్మా, ఈ శిబిరంలో నిన్ను ఇష్టపడే మనిషి ఒక్కరైనా ఉన్నారా?" అని అడిగారు.

"లేరు సార్."

"నువ్వు ఇష్టపడేవాళ్లు?"

"అసలే లేరు సార్."

"మంచిది. రేపటి నుంచి గంతల డ్యూటీ నీది."

నోటి దురుసుకు బహుమతి ఇచ్చే ఉద్యోగం ఈ లోకంలో ఇదొక్కటే అయి ఉంటుంది.

నమోదు 2

ఎగిరే యంత్రాలన్నీ ఒకేసారి పుల్లల్లా రాలిపోయి, తెరలన్నీ నల్లబడ్డాక సైన్యాలకు మిగిలింది తుపాకీ, తోపు, తీగ ఫోను, దుర్భిణి. అప్పుడు పెద్దలకు దిష్టి గుర్తుకొచ్చింది. నరుడి కంటికి నల్లరాయి కూడా పగులుతుందని మా అమ్మమ్మ అంటే నవ్వేవాళ్లం. ఇప్పుడు ఆ నల్లరాయి క్వారీలోనే మా విభాగం. మూడు పక్కలా రాతి గోడ, అడుగున పచ్చనీళ్ల గుంట.

ద్వేషంతో చూస్తే ఎవరికీ ఏమీ కాదు. తిట్టుకుంటూ చూసినా కాదు. మెచ్చి చూస్తేనే కూలుతారు. అందుకే మా శిబిరంలో దేనికీ మెచ్చుకోలు ఉండకూడదు. పొద్దున లేవగానే చెంపకు మసి పూసుకుంటాం. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. చొక్కా గుండీలు కావాలని తప్పుగా పెట్టుకుంటాం. కూర ఎలా ఉందంటే "పర్వాలేదు" అనాలి. "బాగుంది" అన్నవాడికి గుంట చుట్టూ పరుగు. కొత్తగా వచ్చిన వంటవాడు మొన్న ఎర్రగా, గుండ్రంగా గారెలు వండాడు. మేజరు గారు వచ్చి వాటిని చేత్తో చిదిమి పోయారు.

నా పని ఇది. పొద్దునా సాయంత్రం అప్పలకొండ గంతలు విప్పి, ఆమె కళ్లు మూసుకుని ఉండగా గోరువెచ్చని ఉప్పునీళ్లతో కడిగి, పుసి తుడిచి, కొత్త గుడ్డ కట్టాలి. ఆమెకు నలభై దాటి ఉంటాయి. చిన్నప్పటి నుంచీ నేల చూపులు చూసి మెడ ముందుకు వంగిపోయింది. పొరుగింటి పసిపిల్లను ముద్దు చేసిన పాపానికి ఊరు వెలేస్తే సైన్యం తెచ్చుకుంది.

"నీ సేతులు గరుకు, పెంటమ్మా" అంది ఇవాళ.

"నోరింకా గరుకు. కదలకుండా కూర్చో" అన్నాను.

నాకు, మా తమ్ముడికి దిష్టి తగలకూడదనే మా అమ్మ ఈ పేర్లు పెట్టింది. నన్ను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంది. వాణ్ని చేటెడు తవుడుకు పొరుగామెకు అమ్మి, మళ్లీ కొనుక్కుంది. వాడు తవిటయ్య అయ్యాడు. తవుడూ అని పిలుస్తాం. వాడి కంపెనీ ఇప్పుడు ఎర్రకనుమ దగ్గర కందకాల్లో ఉంది. శత్రువుల మెట్టసేన ఆ కనుమ దాటితే తీరం మొత్తం వాళ్లదే. నాకు తీరం సంగతి పెద్దగా పట్టదు. తవుడు బతికి రావాలి. అంతే.

నమోదు 5

అప్పలకొండ కన్ను పని చేయడం లేదు. నూకరాజు పోయినప్పటి నుంచి ఆమె దేన్నీ మెచ్చుకోవడం మానేసింది. ఇవాళ కల్నల్ గారు ముగ్గురు మెట్ట ఖైదీలను క్వారీ గోడకు నిలబెట్టించారు. నేను గంతలు విప్పాను. ఆమె చూసింది. వాళ్లూ ఆమెను చూశారు. ఒకడు తుమ్మాడు. అంతకు మించి ఏమీ జరగలేదు.

"ఇంకోసారి చూడు" అన్నారు కల్నల్.

చూసింది. ఆయన పిస్తోలు తీసి ఒక చివర ఉన్నవాణ్ని కణతలో కాల్చారు. మెదడు గోడ మీద పడింది. "చూశావా? నువ్వు చేయకపోతే నేను ఇలా చేయాలి. నాకు ఇది ఇష్టం లేదు" అన్నారు. రెండోవాణ్ని కూడా కాల్చారు. మూడోవాడి కాళ్లు తడిసిపోయాయి. అతన్ని రేపటికి ఉంచారు.

తర్వాత నా వైపు తిరిగారు. "ఆవిడకు ఏదీ నచ్చడం లేదు. నచ్చేలా చేయడం నీ పని. ఖైదీతో మాట్లాడు. వాడిలో మంచి ఏముందో తవ్వి తీసి ఆవిడ చెవిలో వెయ్."

"మనుషుల్లో మంచి వెతకడం నాకు అలవాటు లేదు సార్."

"అలవాటు చేసుకో. ఎర్రకనుమకు ఎదురుగా మెట్టవాళ్లు పెద్ద తోపును ఎక్కిస్తున్నారు. నీ తమ్ముడు అక్కడే కదా?"

ఆయనకు అన్నీ తెలుసు.

నమోదు 6

ఖైదీ పేరు గుమ్మడి. సున్నం, సిమెంటు లేకుండా ఉత్త రాళ్లతో గోడలు కట్టేవాడట. "రాయి సేత్తో పట్టుకుంటే ఎక్కడ కూకుంటానంటాదో అదే సెప్తాది" అన్నాడు. వాళ్ల ఊరి కొండవాలులో అతను కట్టిన గోడ మూడు వరదలకు నిలిచిందట. చెబుతూ చెబుతూ తన భయం మరిచిపోయి, కట్టేసిన చేతులతోనే గాలిలో రాయి పేర్చి చూపించాడు. చావబోయేవాడు గోడ గురించి ఇంత మురిసిపోవడం నేను ఎక్కడా చూడలేదు. నా ఖర్మ కాకపోతే, అతను నాకు నచ్చాడు.

అతన్ని గోడకు నిలబెట్టాక అప్పలకొండ పక్కన నిలబడి, ఇదంతా ఆమె చెవిలో చెప్పాను. అతనివైపే చూస్తూ చెప్పాను. గంతలు విప్పాను. గుమ్మడి నన్ను చూసి నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలోనే ముఖం వంకర పోయింది. వేళ్లు ఒక్కొక్కటే వెనక్కి విరిగాయి. వీపు విల్లులా వంగి, వెన్నెముక పుటుక్కుమన్న చప్పుడు అందరికీ వినిపించింది. నోట్లోంచి నెత్తురు బుడగలు వచ్చి ఆగిపోయాయి.

కల్నల్ గారు చప్పట్లు కొట్టారు. నేను గుంట వైపు తిరిగి అరచేతులతో కళ్లు తుడుచుకున్నాను.

గంతలు కడుతుంటే అప్పలకొండ మెల్లగా అంది. "నాకేటీ అనిపించనేదే. కంట్లో వేడి రానేదు."

"చేసిందంతా చేసి ఇప్పుడు సిగ్గుపడతావేంటప్పా? తల ఇటు తిప్పు" అన్నాను.

నమోదు 11

ఇప్పుడు మా విభాగానికి పేరొచ్చింది. వంతెన కాపలావాడు, కొండమీది గురికాడు, మందుగుండు బండి నడిపే ఇద్దరు అన్నదమ్ములు. అందరూ దూరం నుంచే కూలారు. ఒకే ముక్కాలి పీట మీద రెండు దుర్భిణులు బిగిస్తారు. ఒకదానిలో ఆమె, ఒకదానిలో నేను. గూఢచారులు పంపిన కబుర్లలోంచి మంచివి ఏరుకుని, ఆ మనిషిని చూస్తూ నేను చెబుతాను. గురికాడు రోజూ పిచ్చుకలకు నూకలు చల్లుతాడు. అన్నదమ్ముల్లో పెద్దవాడు చిన్నవాణ్ని ఎప్పుడూ నీడ పక్కనే కూర్చోబెడతాడు. చెప్పడం అయ్యేసరికి వాళ్లు నాకు చుట్టాల్లా అనిపిస్తారు. ఆ వెంటనే వాళ్ల పుర్రెలు కుండల్లా పగలడం చూస్తాను. పెద్దవాడు కూలిన తర్వాత చిన్నవాడు అతని తల ఒళ్లో పెట్టుకున్నాడు. వాడి గురించి ఇక చెప్పనవసరం లేకపోయింది. వాడూ అలాగే పోయాడు.

ఇదివరకు నన్ను చూస్తే తప్పుకుపోయే సిపాయిలు ఇప్పుడు "నీ నోట్లో ఏదో ఉందే పెంటమ్మా" అంటున్నారు. పొండిరా దరిద్రుల్లారా అని తిట్టాను. మనుషుల్ని తిడుతుంటే కాస్త ప్రాణం కుదుటపడుతోంది.

తెల్లారి ఎర్రకనుమ నుంచి తీగ ఫోను వచ్చింది. తోపు పేలడం మొదలైందట. తవుడి కంపెనీలో సగం మంది మట్టిలో కలిసిపోయారు. వాడి పేరు పోయినవాళ్లలో లేదు. మేము వెంటనే బయలుదేరాలి.

నమోదు 12

జరిగింది జరిగినట్టు రాస్తాను. అక్షరాలు వంకర పోతే పోనీ.

మిట్టమధ్యాహ్నం కనుమ పైన రాతి అంచుకు చేరాం. ఎడమ వైపు దిగువన మా కందకాలు. లోయకు అవతల మెట్టవాళ్ల తోపు. తోపు పేలినప్పుడల్లా కందకంలోంచి మట్టి, చేతులు, హెల్మెట్లు కలిసి పైకి లేచేవి. ఒకడు రెండు తొడల దగ్గర తెగిపోయి మోచేతుల మీద పాకుతున్నాడు. వాడి వెనక పేగు ఒకటి మట్టిలో గీత గీస్తోంది. ఇంకొకడు తన తెగిన చేతిని చంకలో పెట్టుకుని ఎటు పోవాలో తెలియక గుండ్రంగా తిరుగుతున్నాడు.

తోపు దగ్గర గళ్ల తలపాగా వాడు ఆజ్ఞలిస్తున్నాడు. వాడి గురించి గూఢచారులు ఒక్క ముక్క పంపలేదు. ఫోనులో కల్నల్ గారిని అడిగాను.

"వాడిలో మంచేంటో నాకు తెలీదు సార్. ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి అల్లు. తొందరగా!"

అల్లడానికి నా దగ్గర ఏముంది? నా జన్మలో నేను నిజంగా ప్రేమించింది ఒక్కణ్నే. అప్పలకొండ గంతలు విప్పి, ఆ మంచినే ఎత్తి ఈ తలపాగా వాడికి తొడిగాను. "అప్పా, ఆ తలపాగా వాడు చిన్నప్పుడు వాళ్లమ్మ చెయ్యి విరిగితే వాళ్లక్కకు జడ వేయడం నేర్చుకున్నాడు. వంకరగా వేసేవాడు. బళ్లో పిల్లలు నవ్వితే వాళ్లను కొట్టొచ్చేవాడు. చేపముక్క తనకు వద్దని అక్క కంచంలో వేసేవాడు. వద్దనేవాడు కానీ కళ్లు మాత్రం ముక్క మీదే ఉండేవి..."

ఆ చెప్పినవన్నీ తవుడివే. వాణ్ని చూసి రెండేళ్లు దాటింది. ఒక్కసారి, రెప్పపాటు, బతికి ఉన్నాడో లేడో చూసుకుందామని నా దుర్భిణిని పీట మీద నుంచి ఊడదీసి కందకం వైపు తిప్పాను.

ఉన్నాడు. గాయపడినవాణ్ని వీపున వేసుకుని వంగి పరుగెడుతున్నాడు. నీళ్ల డబ్బా తాడు పళ్లతో కరిచి పట్టుకున్నాడు. మెడ లావెక్కింది. భుజాలు వెడల్పయ్యాయి. నా తమ్ముడేనా వీడు, ఎంతవాడయ్యాడు అనుకున్నాను.

తవుడు ఆగిపోయాడు. డబ్బా నోట్లోంచి జారింది. వీపు మీది మనిషిని జాగ్రత్తగా దించాడు. తర్వాత మోకాళ్ల మీద కూలాడు. ముక్కులోంచి, చెవుల్లోంచి నెత్తురు. రెండు చేతులూ మెడ దగ్గరికి తీసుకెళ్లాడు, ఊపిరి అందనట్టు. వాడి దవడ పక్కకు విరిగిపోయింది. కళ్లు పగిలాయి. నేను అదంతా దుర్భిణిలో, చెయ్యి చాపితే అందేంత దగ్గరగా చూశాను. అక్కడ గుండు పడలేదు, తూటా తగల్లేదు.

పక్కకు తిరిగితే అప్పలకొండ గంతలు లేకుండా, కళ్లు తెరుచుకుని లోయవైపు చూస్తోంది. నాకు అర్థమైంది ఒక్కటే. నేను చెప్పిన మంచివాడి కోసం వెతికింది. తోపు దగ్గర వాడు దొరకలేదు. కందకంలో దొరికాడు.

"వాడు నా తమ్ముడే! ముండా! నా తమ్ముడు వాడు!"

దుర్భిణితోనే ముఖం మీద కొట్టాను. పడిపోతే మీదెక్కి పిడికిళ్లతో కొట్టాను. ముక్కు విరిగిన చప్పుడు వినిపించినా ఆగలేదు. ఆమె ఒక్కసారి కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. కళ్లు మాత్రం గట్టిగా మూసుకుంది. నన్ను చూడకూడదనే మూసుకుందని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు అదీ అక్కర్లేదు. ఆ కళ్ల మీదే కొట్టాను.

ఫోను మోగుతూనే ఉంది. కల్నల్ గారు అరుస్తున్నారు. "తోపు ఇంకా పేలుతోంది! పెంటమ్మా! కందకంలో ఇంకా మనుషులున్నారు!"

ఉన్నారు. తవుడు దించిన మనిషి తవుడి శవాన్ని పట్టుకుని లాగుతున్నాడు, తను కుంటుతూ. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. నా తమ్ముడు మోసిన మనిషి చావకూడదు అనిపించింది.

అప్పలకొండను జుట్టు పట్టి లేవదీసి పీట దగ్గర కూర్చోబెట్టాను. "చూడు. ఈసారి అబద్ధం చెప్పను. చూసిందే చెబుతాను" అన్నాను. పగిలిన నా దుర్భిణిలో ఒక కన్ను మాత్రమే పని చేస్తోంది. దానితో తలపాగా వాణ్ని వెతికాను.

వాడి మనిషి ఒకడు మావాళ్ల తూటాకు పడిపోయాడు. తలపాగా వాడు తోపు వదిలి వచ్చాడు. చచ్చినవాడి ముఖం మీది మసిని తన అరచేత్తో తుడిచాడు. తలపాగా విప్పి ముఖం మీద కప్పాడు. తూటాలు రాళ్లకు తగిలి చిట్లుతున్నా తొందరపడలేదు. గుడ్డ అంచులు గాలికి లేవకుండా రెండు వైపులా రెండు చిన్న రాళ్లు పెట్టాడు. అప్పుడు లేచి, తోపు గుండు చేతిలోకి తీసుకున్నాడు.

"వాడు తన మనిషి ముఖం కప్పాడప్పా. గుడ్డ ఎగరకుండా రాళ్లు పెట్టాడు. మనిషంటే వాడు" అన్నాను. ఏడుస్తూ అన్నాను. అది నిజం.

వాడి బట్టతల నడినెత్తిన చీలింది. నిలబడే చచ్చిపోయాడు. చేతిలోని గుండు తోపు వెనక ఉన్న గుండ్ల గుట్ట మీద పడింది. కొండ అంచు మొత్తం లేచిపోయింది. తోపు గొట్టం గిరికీలు కొడుతూ లోయలో పడింది. మనుషులు ముక్కలుగా పడ్డారు. కందకంలోంచి కేకలు వినిపించాయి, సంతోషంతో.

"అయిపోయిందప్పా. పడ్డాడు" అన్నాను.

"ఎవుడు పడ్డాడు?" అంది అప్పలకొండ.

తిరిగి చూశాను. ఆమె ముఖం ఉబ్బి గుమ్మడికాయంత అయింది. రెండు కళ్లూ వాచి పూర్తిగా పూడుకుపోయాయి. రెప్పల మధ్య సన్నని గీత కూడా లేదు.

"నానెక్కడ సూడగల్నే? నువ్వు కొట్టిన దెబ్బలకి కళ్లు తెరుసుకుంటాయేటి?" అంది.

నమోదు 13

రాత్రంతా ఆమె నాకు చెబుతూనే ఉంది, నేను చెవులు మూసుకుంటూనే ఉన్నాను.

నూకరాజు పోయిన రోజే ఆమె కంట్లో వేడి ఆరిపోయిందట. గుమ్మడిని చూసినప్పుడు ఏమీ అనిపించలేదు. గురికాణ్ని చూసినప్పుడూ లేదు. "నీకు సెప్పాను గదే, నువ్వు ఇన్నేదు. కళ్లకలక అంటుకున్నట్టు నీకంటుకున్నాదేమో. రోజూ నా కళ్లు కడిగిన సేతుల్తోనే నీ కళ్లు తుడుసుకుండేదానివి."

తుడుచుకునేదాన్ని. ఎందుకంటే ఏడ్చేదాన్ని.

శిబిరంలో నా వల్ల ఎవరూ చావలేదెందుకంటే వాళ్లలో ఒక్కడూ నాకు నచ్చలేదు. అంత గొప్పదాన్ని నేను. నాకు నచ్చినవాళ్లందరూ పోయారు. రాళ్లు పేర్చేవాడు, పిచ్చుకలకు నూకలు వేసేవాడు, అన్న తలను ఒళ్లో పెట్టుకున్న ఆ చిన్నవాడు. నా తమ్ముడు.

మా అమ్మ పిల్లల్ని ముద్దు చేస్తే తనే థూ థూ అని ఉమ్మేది. కన్నతల్లి దిష్టే ముందు తగులుతుందనేది. అక్కది కూడా తగులుతుందని ఆమె చెప్పలేదు. ఏడవలేక, అరవలేక, కళ్లు గట్టిగా మూసుకుని అప్పలకొండ ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాను. విరిగిన ముక్కుతో ఆమె ఊపిరి బరబరా శబ్దం చేస్తోంది. నా తల నిమిరింది.

"అప్పా, నన్నెందుకు తిట్టవు?"

"నిన్ను తిట్టి నానేటి సేసుకుంటాను? నాకు మాత్రం ఎవులున్నారే."

నమోదు 14

కల్నల్ గారు అప్పలకొండకు పతకం రాశారు. నాకు సెలవు రాశారు, తమ్ముడి శవంతో ఇంటికి వెళ్లి రమ్మని. బాగా పని చేశావన్నారు. ఈ శిబిరంలో ఆ మాట మొదటిసారి విన్నాను.

నేను చెప్పింది ఇది. తోపు మంటకు నా కళ్లు పోయాయి. చూపరి కన్ను కూడా దెబ్బలతో ఆరిపోయింది. ఇక ఈ విభాగంలో పనికొచ్చే కన్ను లేదు. ఆయన నమ్మారో లేదో నాకు తెలియదు. అప్పలకొండ గంతలు నేను కట్టుకుని నిలబడి చెప్పాను. అసలు సంగతి తెలిస్తే నన్ను ఏ కొండ మీద కూర్చోబెట్టి, ఎవరిని ప్రేమించమంటారో నాకు తెలుసు. ఈ పుస్తకం రాయడానికి మాత్రం గోడవైపు తిరిగి గంతలు విప్పాను. రాయడం అయ్యాక ఇది రాయి కట్టుకుని గుంటలోకి పోతుంది.

సాయంత్రం తీగ ఫోనులో తవుడి భార్య నీలవేణి మాట్లాడింది. వాళ్ల పెళ్లికి కూడా నాకు సెలవు దొరకలేదు, ఆమెను చూడనే లేదు. పాప పుట్టి నెలైందట. కనుమలోకి ఆ కబురు చేరలేదు, నాకూ చేరలేదు.

"అందరూ ఆయన పోలికే అంటన్నారు వదినా. మేనత్తవి నువ్వే ముందు ఎత్తుకోవాల. శవంతో పాటు వచ్చెయ్."

"నేను రాను."

"ఏటన్నావు?"

"రానన్నాను. శవాన్ని పంపిస్తారు."

ఆ మాటకు నీలవేణి అందుకుంది. తోడబుట్టినోడి శవం ముందైనా నిలబడవా, నీది గుండెకాయా బండరాయా, నీ మొకం మాకు సూపించకు అని తిట్టింది. ఎంత పెద్ద గొంతు, ఎంత నోరు! మా ఇంటి కోడలనిపించుకుంది. ఆ నోరు నాకు నచ్చేసిందని తెలిసి, గంతల మీద రెండు అరచేతులూ అదిమి పెట్టుకున్నాను.

వెనక పాప లేచి ఏడవడం మొదలుపెట్టింది. నీలవేణి ఫోను పెట్టెయ్యబోయింది.

"పెట్టకు" అన్నాను. "దాన్ని ఊరుకోబెట్టకు. ఫోను దాని నోటి దగ్గర పెట్టు."

ఏమనుకుందో, పెట్టింది. అప్పలకొండ నా వెనక నిలబడి గంతల ముడి ఇంకాస్త బిగించింది. పాప చాలాసేపు ఏడ్చింది. నేను విన్నాను.